గోల్డ్ ఫలకం గోడ మీద, కరెంటు బిల్లు నెత్తి మీద: మా గ్రీన్ బిల్డింగ్‌లో కరెంటు ఎక్కడ పోతోంది?

మీటరు మనిషి (నల్లగొండ) | మే 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గర ఒక ప్రైవేటు విద్యాసంస్థలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. సంస్థ పేరు అడగకండి, నాకు ఉద్యోగం కావాలి. రేటింగ్ ఎవరిచ్చారో కూడా వదిలేయండి.

2019లో మాకు కొత్త బ్లాక్ కట్టారు. నాలుగంతస్తులు, 5,200 చదరపు మీటర్లు. ఆఫీసు, లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబులు, సెమినార్ హాలు ఉన్నాయి. మధ్యలో చిల్లర్ ప్లాంటు, అంటే నీళ్లు చల్లార్చి బిల్డింగంతటికీ ఏసీ ఇచ్చే మిషన్లు. గ్రీన్ బిల్డింగ్ గోల్డ్ రేటింగ్ వచ్చింది. ప్రారంభోత్సవం నాడు ముప్పై శాతం కరెంటు ఆదా అని మైకులో చెప్పారు.

కిందటి ఆర్థిక సంవత్సరం ఈ బ్లాక్ వాడింది 6,24,000 యూనిట్లు. పక్కనే పాత బ్లాక్ ఉంది, 4,000 చదరపు మీటర్లు. అది వాడింది 1,60,000. మొన్న చైర్మన్ గారు పిలిచి, "మనం కరెంటు మిగిల్చే బిల్డింగ్ కట్టామా, తాగే బిల్డింగ్ కట్టామా?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక తల దించుకొని వచ్చాను. ఎక్కడ మొదలు పెట్టాలి?

పాత ఓవర్సీర్ (మహబూబ్‌నగర్) | మే 17, రాత్రి 10:15

ఫలకం తీసి మీటరు మీద పెట్టు తమ్మీ, తిరగడం ఆగుతుందేమో.

నవ్వులాటకు అన్నాను, ఏమనుకోకు. ముప్పై మూడేళ్లు బిల్డింగులు కట్టించాను. అద్దాల డబ్బా కట్టి, అందులో వేడి నింపి, ఆ వేడిని తోడటానికి మిషన్ పెట్టి, ఆ మిషన్ మంచిదని సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. మా ఊర్లో మట్టి మిద్దె ఉండేది. మూరెడు మందం గోడ, దూలాలు, వాసాలు, పైన మట్టి, నడుమ గవాక్షి. మే నెలలో మధ్యాహ్నం పూట కింద బండల మీద పడుకుంటే దుప్పటి అడిగేవాళ్లం. దానికి ఎవరూ గోల్డ్ ఇవ్వలేదు.

మిర్యాలగూడ కూలింగ్ | మే 17, రాత్రి 10:32

దుప్పటి మాట కొంచెం ఎక్కువైంది పెద్దాయనా 😀 కానీ నిజమే, చల్లగా ఉండేది. మరి ఆ మిద్దెలో అరవై కంప్యూటర్లు, అరవై మంది పిల్లలను కూర్చోబెడితే?

గ్రీన్ పెన్సిల్ (సూర్యాపేట, ఇప్పుడు హైదరాబాద్) | మే 18, ఉదయం 7:05

మీటరు మనిషి గారూ, నేను ఆర్కిటెక్ట్‌ని. ఇలాంటి రేటింగులకు కంప్యూటర్‌లో లెక్క కట్టే పనే నాది. తిట్టేముందు కొంచెం వినండి.

ముప్పై శాతం ఆదా అంటే మీ పాత బ్లాక్‌తో పోల్చి కాదు. కంప్యూటర్‌లో మీ బిల్డింగ్‌కు ఒక కవలను పుట్టిస్తాం. అదే ఆకారం, అదే విస్తీర్ణం, అన్నే గంటల వాడకం. గోడ, గాజు, లైట్లు, ఏసీ మాత్రం కోడ్ (కరెంటు పొదుపుకు సర్కారు పెట్టిన నియమావళి) అడిగే కనీస స్థాయిలో ఉంటాయి. ఆ కవల కంటే మీ డిజైన్ ముప్పై శాతం తక్కువ తాగుతుందని లెక్క తేలితే పాయింట్లు వస్తాయి. ఆ కవలను ఎవరూ కట్టరు, దానికి మీటరు ఉండదు. అందుకే ఆ లెక్క తప్పని మీరు ఎప్పటికీ నిరూపించలేరు, ఒప్పని మేమూ నిరూపించలేం.

ఇంకో మాట. మీ పాత బ్లాక్‌లో ఏసీలు ఎన్ని?

మీటరు మనిషి | మే 18, ఉదయం 8:20

ప్రిన్సిపాల్ గది, అకౌంట్స్, రెండు ల్యాబులు. మిగతా అంతా ఫ్యాన్లే.

గ్రీన్ పెన్సిల్ | మే 18, ఉదయం 8:41

అయితే ఆ పోలిక పక్కన పెట్టండి. సైకిల్‌తో కారును పోల్చి పెట్రోలు ఎక్కువైందంటే ఎలా? చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లో చూడాలి. మీది 120 వస్తుంది. బీఈఈ (ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ) వాళ్లు 2009లో ఆఫీసు భవనాలకు స్టార్లు మొదలుపెట్టినప్పుడు, హైదరాబాద్ లాంటి వాతావరణంలో సగానికి మించి ఏసీ ఉన్న పగటి ఆఫీసుకు 90 లోపైతే ఐదు స్టార్లు, 190 దాటితే స్టారే లేదు అన్నారు. ఆ స్టార్లు నిజం బిల్లులు చూసి ఇచ్చేవి, డ్రాయింగ్ చూసి కాదు. మీది నడిమధ్యన ఉంది. ఘోరం కాదు, గోల్డ్ అని చెప్పుకునేంతా కాదు.

మీ ఆఫీసు బీరువాలో ఆ కంప్యూటర్ లెక్క, అంటే ఎనర్జీ మోడల్ రిపోర్టు ఉంటుంది, వెతకండి. అందులో ఏటా ఎన్ని యూనిట్లని రాశారో, రోజుకు ఎన్ని గంటల వాడకం అనుకున్నారో రెండూ చెప్పండి.

మిర్యాలగూడ కూలింగ్ | మే 18, ఉదయం 9:02

రిపోర్టు దొరికితే దొరుకుతుంది, లేకపోతే లేదు. అన్నా, నువ్వు ఈ రోజు రాత్రి ఒక పని చెయ్యి. పది గంటలకు హెచ్‌టీ (హై టెన్షన్) మీటరు రీడింగ్ ఫోటో తియ్యి. తెల్లారి ఆరింటికి ఇంకో ఫోటో. తేడాను ఎంఎఫ్‌తో (మీటరు గుణకంతో) గుణించి ఇక్కడ పెట్టు. మనుషులు లేనప్పుడు ఎంత తాగుతోందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. నేను ఏ ప్లాంటుకు పోయినా ముందు అడిగేది ఇదే. ఓనర్లు మిషన్ చూడమంటారు, నేను వాచ్‌మన్‌ను చూస్తాను.

వనపర్తి టీచర్ | మే 18, మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మేము 200 గజాల్లో ఇల్లు కడుతున్నాం, స్లాబ్ పడింది. ఈ గ్రీన్ స్టాండర్డులు మాలాంటి వాళ్లకు వర్తిస్తాయా? పై అంతస్తు పడకగది రాత్రి పదింటికి కూడా పొయ్యి మీద పెనంలా ఉంటుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు.

మీటరు మనిషి | మే 19, ఉదయం 6:50

నిన్న రాత్రి పది నుంచి ఈ రోజు ఉదయం ఆరు వరకు 304 యూనిట్లు. ఎనిమిది గంటలకు భాగిస్తే 38 కిలోవాట్లు. బిల్డింగ్‌కు తాళం వేసి ఉంది. లోపల వాచ్‌మన్ ఒక్కడు, వాడి ఫ్యాన్ ఒకటి.

రెండుసార్లు లెక్క చూసుకున్నాను. నాకైతే నిద్ర పట్టలేదు.

మిర్యాలగూడ కూలింగ్ | మే 19, ఉదయం 7:10

ముప్పై ఎనిమిదా!! వాచ్‌మన్ ఫ్యాన్ మంచి కంపెనీది అన్నా.

గ్రీన్ పెన్సిల్ | మే 19, ఉదయం 9:15

ఏడాదికి 8,760 గంటలు. మీరు 280 రోజులు, రోజుకు పది గంటలు పనిచేస్తారనుకుంటే 2,800. తాళం వేసి ఉండే గంటలు 5,960. దాన్ని 38తో గుణిస్తే 2,26,480 యూనిట్లు. మీ మొత్తం వాడకంలో మూడో వంతు పైనే. యూనిట్ ఎనిమిది రూపాయలే అనుకున్నా పద్దెనిమిది లక్షలు.

సర్వర్ గది, యూపీఎస్ ఎలాగూ ఆగవు. కొంత తప్పదు. కానీ ఇంత కాదు.

జడ్చర్ల బాబాయ్ | మే 19, మధ్యాహ్నం 12:05

ఈ గ్రీన్ అంతా బిల్డర్ల వ్యాపారం. బ్రోచర్ మీద ఆకు బొమ్మ వేసి చదరపు అడుగుకు రేటు పెంచుతారు. బిల్లు కట్టేది కొనుక్కున్నవాడు, అద్దెకున్నవాడు. కట్టేవాడికి ఆదాతో ఏం పని? ఇక సర్కారు సంగతి అంటారా...

మోడరేటర్ | మే 19, మధ్యాహ్నం 12:40

బాబాయ్, పార్టీల పేర్లున్న రెండు పేరాలు తీసేశాను. బిల్డరుకు, బిల్లు కట్టేవాడికి మధ్య పొత్తు లేదన్న మాట మాత్రం ఉంచాను. అది ఈ చర్చకు కావలసిన మాటే.

గ్రీన్ పెన్సిల్ | మే 19, సాయంత్రం 6:20

బాబాయ్ మాటలో సగం ఒప్పుకుంటాను. గ్రీన్ రేటింగులిచ్చే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) 2001 నుంచి ఉంది, కేంద్రం హైదరాబాద్‌లోనే. 2004లో కలాం గారు ప్రారంభించిన ఆ భవనం అప్పట్లో అమెరికా బయట లీడ్ ప్లాటినం (అమెరికా గ్రీన్ రేటింగులో అన్నిటికంటే పై మెట్టు) తెచ్చుకున్న మొదటిది. మన యాదగిరిగుట్టకు కూడా హరిత ఆలయమని గుర్తింపు వచ్చింది. ఆ రేటింగులన్నీ ఇష్టపడి తెచ్చుకునేవి. నేను ముందు చెప్పిన కోడ్, ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్), అలా కాదు, చట్టం కింద వచ్చింది. 2007లో వచ్చింది, 2017లో మార్చారు. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (బిగించిన మిషన్లన్నీ కలిపి) గానీ 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) గానీ ఉన్న వాణిజ్య భవనాలకు అది. 2022 చట్ట సవరణతో పెద్ద నివాస భవనాలను కూడా ఆ పరిధిలోకి తెచ్చే వీలు కలిగింది.

2017 కోడ్ బాగానే ఉంది. గోడలో గాజు నలభై శాతం మించొద్దు అంటుంది. ఉత్తరం తప్ప మిగతా వైపుల గాజు ఎండ వేడిలో 27 శాతానికి మించి లోపలికి పంపొద్దు అంటుంది. మామూలు సింగిల్ గాజు 80 శాతం దాకా పంపుతుంది. ఇవన్నీ ఎప్పుడు చూస్తారు? ప్లాన్ పాస్ చేసేటప్పుడు, కట్టడం అయ్యేటప్పుడు. తాళాలు అప్పగించాక మూడో ఏడు ఆ బిల్డింగ్ ఎలా ఉందో చూసేవాళ్లెవరూ లేరు. బండికి లైసెన్సు ఇచ్చేటప్పుడు ఎనిమిది వేయించి, తర్వాత రోడ్డు మీద చూడనట్టు.

నా ఫీజులో పది శాతం ఏడాది బిల్లులు చూశాకే ఇవ్వండని ఒక క్లయింట్‌కు నేనే చెప్పాను. నవ్వాడు. "మేడం, అప్పటికి ఫ్లోర్లు అమ్మేసి ఉంటాం" అన్నాడు.

పాత ఓవర్సీర్ | మే 19, రాత్రి 8:45

నిజాయితీగా చెప్పావమ్మా. రోడ్డు కాంట్రాక్టర్‌కు డిఫెక్ట్ లయబిలిటీ ఉంటుంది, కొంత డబ్బు పట్టి ఉంచుతాం. గుంత పడితే వాడే పూడ్చాలి. ఏసీ ప్లాంటుకు, గాజుకు కూడా అట్లాంటిదే పెట్టాలి. కాగితం మీద అన్ని యూనిట్లు రాశావు, మీటరు ఇన్ని చూపిస్తోంది, తేడా ఎక్కడిదో వచ్చి చెప్పు, అప్పుడే నీ డబ్బు అనాలి. టెండర్‌లో ఒక్క వాక్యం చాలు.

వనపర్తి టీచరమ్మకు ఎవరూ జవాబు చెప్పలేదు. మన నల్లగొండ, పాలమూరులకు మే 8 అటూఇటుగా మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడమ్మా, నిలబడితే నీడ కాళ్ల కిందికి పోతుంది. అంటే ఆ రోజుల్లో ఎండ తినేది గోడ కాదు, స్లాబు. పగలంతా తిని రాత్రంతా కక్కుతుంది. పైన తెల్ల టైల్ ముక్కలు పరిపించు, లేదా కూల్ రూఫ్ పెయింటు వేయించు. చేతిలో డబ్బు లేకపోతే ఏటా మార్చిలో సున్నం కొట్టించు. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, నెలకోసారి కడగాలి.

గ్రీన్ పెన్సిల్ | మే 19, రాత్రి 9:10

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. దానికి రెండు ముక్కలు కలుపుతాను. ఇళ్లకు ఎకో నివాస్ సంహిత అని 2018లో వచ్చింది. అందులో పైకప్పు యూ విలువ 1.2 మించొద్దు అని ఉంది. అంటే ఎంత వేడి కిందికి దిగుతుందనే లెక్క. ఉత్త స్లాబ్‌కు అది మూడు దాటుతుంది. 200 గజాల ఇంటిని ఎవరూ వచ్చి అడగరు, రాష్ట్ర కూల్ రూఫ్ విధానం కూడా ఇళ్ల విషయంలో 600 గజాల నుంచే తప్పనిసరి. అయినా ఆ 1.2 మీ మేస్త్రీకి చెప్పండి.

పడమర గోడకు కిటికీ పెట్టాల్సి వస్తే చిన్నది పెట్టండి. దక్షిణానికి రెండడుగుల సజ్జ పనిచేస్తుంది. పడమటి ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి సజ్జ దానికి చాలదు. నిలువు అడ్డు కావాలి, లేదా వేప చెట్టు.

వనపర్తి టీచర్ | మే 19, రాత్రి 9:30

వేప చెట్టు ఉందండీ, పడమరే! వాస్తు అని కొట్టేద్దామంటున్నారు. ఇక కొట్టనివ్వను.

మీటరు మనిషి | మే 24, రాత్రి 8:00

అందరికీ థ్యాంక్స్. మూడు రోజులు క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) పట్టుకొని ప్యానెల్ ప్యానెల్ తిరిగాను.

రాత్రి 38 కిలోవాట్లలో దొరికినవి ఇవి. చల్లనీళ్ల పంపు, రెండు ఏహెచ్‌యూ (చల్లగాలిని గదుల్లోకి తోసే యూనిట్) ఫ్యాన్లు కలిపి 14. మూడు ల్యాబుల్లో ఆపకుండా వదిలేసిన కంప్యూటర్లు 7. సర్వర్ గది, దాని స్ప్లిట్ ఏసీలు 8. యూపీఎస్‌లు ఊరికే ఉండి తినేది 4. వరండా లైట్లు 3. మిగతా చిన్నాచితకా 2.

పంపు సంగతి చెప్పుకుంటే సిగ్గు. చిల్లర్ సాయంత్రం ఆరింటికే ఆగుతోంది. పంపు మాత్రం తెల్లవార్లూ తిరుగుతోంది. అంటే చల్లదనం లేని నీళ్లు రాత్రంతా నాలుగంతస్తులు ఎక్కి దిగుతున్నాయి. ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ ఆటోలో (టైముకు దానంతటదే ఆగేలా) ఉండాల్సింది హ్యాండ్‌లో (మనిషి ఆపేదాకా తిరిగేలా) ఉంది. ఎవరు పెట్టారని ఆరా తీస్తే, 2021లో ఒక సాయంత్రం సెమినార్ హాల్లో ఉక్కపోస్తోందని గొడవైందట. బీఎంఎస్ (బిల్డింగ్ మిషన్లను నడిపే కంప్యూటర్) టైమింగ్ మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ బిగించిన వాళ్ల దగ్గర ఉంది. వాళ్ల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) అప్పటికే అయిపోయింది. ఆపరేటర్ హ్యాండ్‌లో పెట్టాడు, మీటింగ్ నడిచింది. ఆపరేటర్ ఉద్యోగం మారాడు, స్విచ్ అట్లాగే ఉండిపోయింది.

రిపోర్టు కూడా దొరికింది, ప్రారంభోత్సవం ఫోటోల ఆల్బమ్ కింద. మా బిల్డింగ్‌కు వేసిన అంచనా 4,16,000 యూనిట్లు. కవలకు 5,94,000.

గ్రీన్ పెన్సిల్ | మే 24, రాత్రి 8:12

పుట్టని కవల 5.94, పుట్టిన బిడ్డ 6.24. కోడ్ కనీసం కంటే కూడా ఎక్కువే తాగింది. గంటలు ఎన్ని రాశారు?

మీటరు మనిషి | మే 24, రాత్రి 8:30

తొమ్మిది నుంచి ఐదు. ఆదివారం సున్నా. ఏసీ 24 డిగ్రీలు. మా దగ్గర ఆఫీసు సాయంత్రం ఏడు దాకా నడుస్తుంది, డైరెక్టర్ గారి గదిలో 19. ఇంకోటి, పడమటి వైపు గాజు మంచిదే వేశారు, కానీ మూడింటి నుంచి కంప్యూటర్ తెరల మీద ఎండ పడుతోందని అందరూ బ్లైండ్స్ దించేస్తారు. చీకటవుతుంది, లైట్లు వేస్తారు. పగటి వెలుతురుకు వచ్చిన పాయింట్లు బ్లైండ్ వెనకే ఉండిపోయాయి.

మిర్యాలగూడ కూలింగ్ | మే 24, రాత్రి 9:05

అన్నా, ఇంకో మూడు చూడు. ఒకటి, ఏహెచ్‌యూలకు వీఎఫ్‌డీ (ఫ్యాన్ స్పీడు పెంచి తగ్గించే పరికరం) పెట్టే ఉంటారు. డిస్‌ప్లేలో 50 హెర్ట్జ్ (ఫుల్ స్పీడు) అని ఎప్పుడూ ఆగి ఉంటే అది ఉన్నా లేనట్టే. ఫ్యాన్ స్పీడ్ ఎనభై శాతానికి దింపితే కరెంటు ఇంచుమించు సగానికి పడిపోతుంది, నమ్మకపోతే క్లాంప్ పెట్టి చూసుకో. రెండు, చిల్లర్ నీళ్లు ఎన్ని డిగ్రీలకు సెట్ చేశారు? ఆరు అయితే ఎనిమిదికి పెంచు, ఎవడూ కనిపెట్టడు. మూడు, ఫిల్టర్లు. మన దగ్గర వడ్ల మిల్లుల దుమ్ము, సిమెంటు దుమ్ము. పుస్తకంలో మూడు నెలలని ఉంటే మనం నెలకే కడగాలి. డిజైన్ చేసినాయన ఈ దుమ్ము చూసి ఉండడు.

డైరెక్టర్ గారి 19ని మాత్రం ముట్టుకోకు. ముందు రాత్రి సంగతి తేల్చు.

జడ్చర్ల బాబాయ్ | మే 25, ఉదయం 6:30

ఇంత తలనొప్పి ఎందుకు? పైన సోలార్ పెట్టిస్తే పోయేది కదా. మా బావమరిది హోటల్ మీద పెట్టాడు, బిల్లు సగమైంది.

మీటరు మనిషి | మే 25, ఉదయం 7:45

మా మేనేజ్‌మెంట్ కూడా అదే అంటోంది బాబాయ్. 100 కిలోవాట్లు పెడితే ఏడాదికి లక్షా నలభై వేల యూనిట్ల దాకా వస్తాయి. బిల్డింగ్‌కు తాళం వేసి ఉన్నప్పుడు తాగేదే 2.26 లక్షలు. కుండకు చిల్లు ఉంచుకొని బిందెలు మోసినట్టు. చిల్లు పూడ్చాక సోలార్ పెడదాం అన్నాను.

పాత ఓవర్సీర్ | మే 25, ఉదయం 8:20

సబ్‌మీటర్లు పెట్టించు. మొత్తానికి ఒక్క మీటరే ఉంటే ఎవడు తాగాడో తెలియదు, అందరూ నేను కాదంటారు. ప్లాంటుకు ఒకటి, లైట్లకు ఒకటి, ల్యాబులకు ఒకటి. ఆ లక్ష రూపాయలకు సంతకం పెట్టడానికి ఆరు నెలలు తీసుకుంటారు చూడు.

మీటరు మనిషి | ఆగస్టు 3, రాత్రి 9:15

చాలా రోజులైంది. జూన్ మొదట్లోనే పంపు, ఏహెచ్‌యూలు ఆటోలోకి తెచ్చాం. పాస్‌వర్డ్ కోసం ఎదురుచూడకుండా ప్యానెల్‌లో మామూలు టైమర్ పెట్టించాను. ల్యాబ్ కంప్యూటర్లు రాత్రి ఎనిమిదికి వాటంతటవే ఆగేలా మా సిస్టమ్స్ అబ్బాయి సెట్ చేశాడు. రాత్రి లోడ్ 38 నుంచి 17కు దిగింది. చిల్లర్ నీళ్లు ఎనిమిది డిగ్రీలకు పెంచాం, ఎవరూ కనిపెట్టలేదు.

మే బిల్లుతో పోలిస్తే జూలై బిల్లు దాదాపు సగం! చైర్మన్ గారు భుజం తట్టారు.

గ్రీన్ పెన్సిల్ | ఆగస్టు 3, రాత్రి 9:40

శుభవార్త. కానీ మేతో జూలైని పోల్చి చైర్మన్ గారికి చూపించారా? మేలో ఎండ 44, జూలైలో ముసురు. ఆ తేడాలో వానదెంత, మీదెంత? వచ్చే మేలో బిల్లు మళ్లీ పెరుగుతుంది, అప్పుడు మిమ్మల్నే పిలుస్తారు. కిందటి జూలై ఎంత, ఈ జూలై ఎంత?

మీటరు మనిషి | ఆగస్టు 3, రాత్రి 10:05

నిజమే, ఆ ఆలోచన రాలేదు. కిందటి జూలై 53,200. ఈ జూలై 41,900. తేడా 11,300.

గ్రీన్ పెన్సిల్ | ఆగస్టు 3, రాత్రి 10:20

ఇప్పుడు నమ్మకంగా చెప్పొచ్చు. జూలైలో తాళం వేసి ఉన్న గంటలు దాదాపు 484. మీరు తగ్గించింది 21 కిలోవాట్లు. 10,164 యూనిట్లు కచ్చితంగా మీవి. మిగతా వెయ్యి పైచిలుకు చిల్లర్ డిగ్రీలది కావచ్చు, వానలది కావచ్చు, దాన్ని ఆదా అని రాయకండి. ఏడాదికి లక్షా పాతిక వేల యూనిట్లు వస్తుంది.

జడ్చర్ల బాబాయ్ | ఆగస్టు 4, ఉదయం 6:10

అంటే యూనిట్‌కు ఎనిమిది వేసుకున్నా పది లక్షలు! ఒక్క స్విచ్, కొన్ని కంప్యూటర్లు. దామరచర్లలో 4,000 మెగావాట్ల ప్లాంటు బొగ్గు కాల్చేది ఖాళీ నీళ్లు మెట్లెక్కించడానికా?

మిర్యాలగూడ కూలింగ్ | ఆగస్టు 4, ఉదయం 7:30

అన్నా, సీఎండీ (ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ డిమాండ్) ఎంత ఉంది? రికార్డెడ్ డిమాండ్ (మీటరులో నిజంగా నమోదైన గరిష్ఠం) ఎంత వస్తోంది?

మీటరు మనిషి | ఆగస్టు 4, ఉదయం 8:00

సీఎండీ 400 కేవీఏ. ఎండాకాలంలో కూడా 255 దాటలేదు.

మిర్యాలగూడ కూలింగ్ | ఆగస్టు 4, ఉదయం 8:15

ఇంకేం! హెచ్‌టీలో నువ్వు ఎంత తక్కువ వాడినా సీఎండీలో ఎనభై శాతానికి డిమాండ్ ఛార్జీ కట్టాల్సిందే. 320కి కడుతున్నావు, వాడేది 255. ఆ 65 కేవీఏకు నెలనెలా దక్షిణ. సీఎండీ 300 చేయించుకో, 240కి వస్తుంది. ఎండాకాలంలో 255 వస్తే ఆ 255కే కడతావు, నష్టం లేదు.

మీటరు మనిషి | ఆగస్టు 9, రాత్రి 9:50

సీఎండీ తగ్గించడానికి ఫైల్ పెట్టాను. సబ్‌మీటర్ల ఫైల్ ఓవర్సీర్ సార్ చెప్పినట్టే ఇంకా టేబుల్ మీదే ఉంది. ఈలోగా రీడింగ్ పుస్తకం ఒకటి కొని వాచ్‌మన్ యాదయ్య చేతికిచ్చాను. రాత్రి పదికి, తెల్లారి ఆరింటికి రాస్తాడు. మొదట్లో గొణిగాడు. ఇప్పుడు నా కంటే ముందే ఫోన్ చేస్తున్నాడు.

నిన్న రాత్రి 17 కాదు, 16 వచ్చింది. ఏమైందా అని ఈ రోజు పొద్దున తిరిగి చూస్తే, మూడు అంతస్తుల్లో వాటర్ కూలర్ల ప్లగ్గులు పీకేసి ఉన్నాయి. యాదయ్యనే. "రాత్రిపూట ఎవరు తాగుతారు సారూ?" అన్నాడు.